జొన్నచేలో వేలాడిన పెళ్ళి డిస్కు



ఎప్పుడూ మిరపలో నల్లతామర పురుగు గురించో, యార్డులో ధర గురించో రాస్తుంటాను. ఈసారి పంట సంగతి కాదు, ఇంట్లో బీరువా సంగతి. కొంచెం పెద్దగా రాస్తున్నాను. ఓపిగ్గా చదవండి, మీ ఇంట్లో కూడా ఇదే ఉండొచ్చు.

ఈ ఏడు మాగాణిలో వరి కోసేశాక, దున్నకుండా ఎకరం ముప్పావులో జొన్న వేశాను. మార్చి మొదట్లో కంకి పాలు పోసుకుంది. అప్పట్నుంచి చిలకల దండు దిగింది. పొద్దున్నే ఒక గంట, సాయంత్రం ఒక గంట, డబ్బా కొట్టేవాడు లేకపోతే కంకి మిగలదు. మనిషిని పెడదామంటే కూలి ఎంతో మీకు తెలుసు. ఎవరో చెప్పారు, పాత సీడీలు దారానికి కట్టి వేలాడదీస్తే ఎండకి తళతళ మెరుస్తాయి, పిట్టలు రావు అని. ఇంటికొచ్చి బీరువా పైన అట్టపెట్టెలో ఉన్న డిస్కులు ఒక ఇరవై తీసుకెళ్ళి, వెదురు కర్రలకి దారం కట్టి వేలాడదీశాను. నిజం చెప్పాలంటే మొదటి నాలుగు రోజులు పని చేసింది. తర్వాత చిలకలు వాటి పక్కనే కూర్చుని తినడం మొదలుపెట్టాయి.

పదో రోజు మా ఆవిడ గడ్డి కోసుకోవడానికి వచ్చింది. కర్ర దగ్గర ఆగి, డిస్కు చేత్తో పట్టుకుని తిప్పి చూసింది. "ఏవండీ, దీనిమీద రాత చూశారా?" అంది. చూశాను. నల్ల స్కెచ్‌పెన్నుతో నా చేతి రాతే. "చెల్లి పెళ్ళి, 2007, రెండో భాగం."

నాకు కాళ్ళు ఆడలేదు.

ఎందుకంటే అది పెళ్ళి డిస్కు మాత్రమే కాదు. మా నాన్న 2014లో పోయారు. ఆయన ఫొటోలు మా దగ్గర ఆరో ఏడో ఉన్నాయి. గొంతు మాత్రం ఎక్కడా లేదు. అప్పటికి మా ఇంట్లో మామూలు బటన్ల ఫోనే. ఆయన మాట్లాడుతుండగా తీసింది ఒక్క ఆ పెళ్ళి వీడియోనే. ఆ వీడియోలో కూడా, ఆ రోజుల్లో వీడియో వాళ్ళు ఏం చేసేవాళ్ళో మీకు తెలుసుగదా, మొదట్నుంచి చివరి దాకా సినిమా పాటలు అంటించేశారు. మనుషుల నోళ్ళు కదులుతాయి, పాట వినబడుతుంది. ఒక్క అప్పగింతల దగ్గర మాత్రం ఏమనుకున్నాడో, పాట తీసేసి అసలు శబ్దం వదిలాడు. అక్కడ ఒక ముప్పావు నిమిషం మా నాన్న మాట్లాడతారు. అది రెండో భాగంలో, చిట్టచివర.

ఇంటికి తెచ్చి మెత్తటి గుడ్డతో తుడిచి ప్లేయర్‌లో పెట్టాను. తలంబ్రాలు వచ్చాయి, భోజనాలు వచ్చాయి. తర్వాత బొమ్మ గళ్ళు గళ్ళుగా విడిపోయింది. ఆ తర్వాత నీలం తెర. మళ్ళీ పెట్టాను, మళ్ళీ అక్కడే. అప్పగింతల దాకా పోనేలేదు.

పెళ్ళి వీడియో తీసినాయన దగ్గరికి టౌనుకి వెళ్ళాను. ఆయన పాపం మంచివాడే. "బాబాయ్, ఆ కెమెరా క్యాసెట్ల మీద తర్వాత వేరే పెళ్ళిళ్ళు తీశాను. కంప్యూటర్లో ఉన్నది ఎప్పుడో తీసేశాను. పద్దెనిమిదేళ్ళు ఎవరు దాస్తారు?" అన్నాడు. ఆయన్ని అనడానికి లేదు. నా ఇంట్లో సొమ్ము నేను దాచుకోకుండా ఆయన దాచాలా?

అప్పట్లో ఆయన మూడు జతలు ఇచ్చాడు. ఒకటి చెల్లికి. ఫోన్ చేస్తే, వాళ్ళు పాత ఇల్లు పడగొట్టి కట్టుకునేటప్పుడు ఎక్కడో పోయిందంది. ఏడుస్తుందని అసలు సంగతి చెప్పలేదు. ఒకటి నాది. మూడోది మా తమ్ముడి ఇంట్లో ఉంది.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. మా ఊరి వాళ్ళకి ఎలాగూ తెలుసు కాబట్టి దాచేదేం లేదు. నాకూ మా తమ్ముడికీ ఐదేళ్ళుగా మాటల్లేవు. నాన్న వేయించిన బోరు ఉమ్మడిది. పంపకాల్లో ఎవరికి ఎన్ని గంటలు అనే దగ్గర మొదలై, పైపు లైను మీదుగా వెళ్ళి, పెద్దమనుషుల దాకా పోయింది. తప్పు ఎవరిదో ఇక్కడ రాయను. నేను రాస్తే నాది కరెక్టని రాస్తాను, వాడు రాస్తే వాడిది కరెక్టని రాస్తాడు. ఐదేళ్ళు ఒకే డొంకలో ఎదురెదురుగా పోతూ తల తిప్పుకున్నాం.

మూడు రోజులు ఆలోచించాను. మా ఆవిడ ఏమీ అనలేదు. నాలుగో రోజు అన్నం పెడుతూ "మావయ్యగారి గొంతు మీ ఒక్కరి ఆస్తి కాదుగా" అంది. ఆ సాయంత్రం చొక్కా వేసుకుని వెళ్ళాను.

మా మరదలు గుమ్మంలో చూసి ఒక్క క్షణం నిలబడిపోయి, "రండి బావగారూ" అని కుర్చీ వేసింది. తమ్ముడు లోపల్నుంచి వచ్చాడు. "ఏం అన్నా" అన్నాడు. ఆ మాట విని ఐదేళ్ళయింది. నేను బోరు గురించి వచ్చాననుకున్నట్టున్నాడు, మొహం బిగించే ఉన్నాడు. "చెల్లి పెళ్ళి డిస్కు రెండోది నీ దగ్గరుందా? నాది పాడైపోయింది. నాన్న మాట్లాడేది అందులోనే" అన్నాను. చేలో పిట్టలకి కట్టానని కూడా చెప్పేశాను. ఎందుకో దాచబుద్ధి కాలేదు. వాడు నావైపు చూసి, ఏమీ అనకుండా లోపలికెళ్ళి వెతికి తెచ్చాడు. వాళ్ళ డిస్కు కవర్లోనే ఉంది గాని, చిన్నప్పుడు పిల్లలు వేసి వేసి మధ్యలో గుండ్రంగా గీతలు పడ్డాయి. వాళ్ళ టీవీలో పెట్టాం. పెళ్ళి మధ్యలో ఆగిపోయింది. ముందుకి జరిపితే అప్పగింతలు మొదలయ్యాయి, నాన్న కనిపించారు, నోరు తెరిచారు, మళ్ళీ గళ్ళు గళ్ళు.

ఇద్దరం అలాగే కూర్చున్నాం.

తమ్ముడి కొడుకు బీటెక్ చదువుతున్నాడు. సెలవలకి ఇంటి దగ్గరే ఉన్నాడు. వాడొచ్చి రెండు డిస్కులూ వెలుతురుకి పెట్టి చూశాడు. "పెదనాన్నా, నీది అంచు పోయింది, మాది మధ్య పోయింది. రెండూ ఒకేదాన్నుంచి రాసిన కాపీలైతే ఒకదాంట్లో లేనిది ఇంకోదాన్నుంచి తియ్యొచ్చు. ఇక టీవీలో పెట్టకండి, ఇంకా గీతలు పడతాయి" అన్నాడు.

ఇక్కడ్నుంచి వాడు నాకు చెప్పింది, నాకర్థమైనట్టు మీకు చెప్తాను.

డీవీడీ అంటే లోపల ఒకటే పొడవాటి సాలు. మధ్య చిల్లు దగ్గర మొదలై, చుట్టూ తిరుగుతూ తిరుగుతూ బయటి అంచు దాకా పోతుంది. మన పెళ్ళి వీడియోలో ముందు జరిగింది లోపల ఉంటుంది, చివర జరిగింది అంచున ఉంటుంది. డిస్కు నిండా ఉంటే అప్పగింతలు వచ్చేది సరిగ్గా అంచునే. మనం పట్టుకునేది అంచు, దుమ్ము పట్టేది అంచు, దెబ్బ తగిలేది అంచు. గట్టు పక్క సాలే ముందు తొక్కుడు పడుతుంది, అంతే.

ఇంకో సంగతి. కొట్లో కొనే సినిమా డిస్కు, స్టూడియో వాడు రాసిచ్చే డిస్కు ఒకటి కాదు. సినిమా డిస్కు అచ్చు వేసింది. అందులో గుంటలు గుద్ది ఉంటాయి. స్టూడియో డిస్కులో ఒక రంగు పొర ఉంటుంది, దాన్ని లేజరుతో కాల్చి రాస్తారు. ఆ రంగు ఎండకి, వేడికి వెలిసిపోతుంది. మన పల్నాడు ఎండలు, రెంటచింతల ఎండలు మీకు కొత్తగా చెప్పాలా? రేకుల ఇంట్లో ఇనప బీరువా మీద పెడితేనే గండం. నేను ఏకంగా పది రోజులు ఎండలో వేలాడదీశాను.

వాడు లాప్‌టాప్‌కి బయట తగిలించే డీవీడీ డ్రైవు తెప్పించాడు. ఈ రోజుల్లో లాప్‌టాప్‌లకి డిస్కు పెట్టే అర రావట్లేదు. పద్నాలుగు వందలు అయింది. దాంతో లినక్స్‌లో డీడీరెస్క్యూ అనే సాఫ్ట్‌వేర్ వేశాడు. అది ఉచితం. మామూలుగా కాపీ చేస్తే చెడిపోయిన చోట ఆగిపోయి మొత్తం వదిలేస్తుంది. ఇది అలా కాదు. బాగున్న చోటు ముందు గబగబా చదివేసి, చెడ్డ చోటు వదిలి ముందుకెళ్ళి, చివరికి మళ్ళీ వెనక్కొచ్చి చెడ్డ చోట్లే మళ్ళీ మళ్ళీ ప్రయత్నిస్తుంది. నిండు డిస్కులో రెండేసి కేబీల ముక్కలు దాదాపు 23 లక్షలు ఉంటాయట. ఏది వచ్చింది, ఏది రాలేదు అని లెక్క ఒక ఫైల్లో రాసుకుంటుంది. అందుకని మధ్యలో కరెంటు పోయినా మళ్ళీ మొదట్నుంచి చెయ్యక్కర్లేదు. మన లైన్‌మెన్ ధర్మమా అని ఆ రాత్రి రెండుసార్లు పోయింది కూడా.

ముందు డిస్కులు కడిగాడు. చల్లటి నీళ్ళలో ఒక చుక్క సబ్బు ద్రవం వేసి, మెత్తటి నూలుగుడ్డతో మధ్య నుంచి అంచుకి నిటారుగా తుడవాలట. మనం తుడిచినట్టు గుండ్రంగా తిప్పకూడదట. గుండ్రంగా గీత పడితే సాలు పొడవునా పోతుంది, అడ్డంగా పడితే కొద్దిగానే పోతుంది. టూత్‌పేస్టు రుద్దడం లాంటి చిట్కాలు చెయ్యబోతే నా చెయ్యి పట్టుకున్నాడు.

నా డిస్కు పెట్టి రాత్రంతా వదిలేశాం. తెల్లారేసరికి లోపలి భాగం అంతా వచ్చింది, అంచున చాలా పోయింది. తర్వాత అదే లెక్క ఫైలు మీద తమ్ముడి డిస్కు పెట్టాడు. ఇప్పుడది నా దాంట్లో రాని ముక్కల కోసమే వెతుకుతుంది. మధ్యాహ్నం దాకా నడిచింది. నేనూ తమ్ముడూ అరుగు మీద కూర్చున్నాం. ఏం మాట్లాడాలో తెలియక జొన్న గురించి మాట్లాడుకున్నాం. వాడు ఎకరానికి ఎంత యూరియా వేశాడో, నేను ఎంత వేశానో. ఐదేళ్ళ తర్వాత మేం మాట్లాడుకున్న మొదటి సంగతి యూరియా.

రెండు గంటలప్పుడు పిల్లాడు కేకేశాడు. అందరం లోపలికెళ్ళాం. మా ఆవిడకి కబురు పెడితే తనూ వచ్చింది.

నాన్న పంచె మీద చొక్కా, భుజాన తుండు. ముందు కెమెరా అబ్బాయితో అంటారు, "ఏం బాబూ, వంటవాళ్ళు తిన్నారా? ముందు వాళ్ళని తిననియ్యండయ్యా." తర్వాత మా బావ చెయ్యి పట్టుకుని, "అల్లుడుగారూ, మా అమ్మాయికి కోపం ఎక్కువ. ఆకలేస్తే ఇంకా ఎక్కువ. వేళకి ఇంత అన్నం తినేలా చూడండి, చాలు." పక్కన అందరూ నవ్వుతారు. చెల్లి ఏడుస్తూ నవ్వుతుంది. ఆ తర్వాత ఇటు తిరిగి గట్టిగా, "ఒరే పెద్దోడా, చిన్నోడా, ఏం చూస్తున్నార్రా, ఆ పెట్టె ఇద్దరూ పట్టండి."

అక్కడ ఒక రెండు సెకన్లు బొమ్మ చెదిరింది. ఆ ముక్కలు రెండు డిస్కుల్లోనూ పోయాయి, ఇక రావు. తర్వాత మేమిద్దరం పెట్టె చెరోవైపు పట్టుకుని కారు దగ్గరికి పోతుంటాం. నాకప్పుడు జుట్టు నిండా ఉంది.

మా తమ్ముడు లేచి బయటికెళ్ళి పంపు దగ్గర మొహం కడుక్కున్నాడు. నేను చూడనట్టు కూర్చున్నాను.

బోరు సంగతి తేలిందా అని మీరు అడుగుతారు. తేలలేదు. అది అలాగే ఉంది. కాకపోతే ఇప్పుడు డొంకలో ఎదురైతే "అన్నా" అంటున్నాడు. అంతవరకే రాస్తున్నాను, ఎక్కువ రాస్తే అబద్ధమవుతుంది.

ఇక మీకు పనికొచ్చే మాట. ఆ పిల్లాణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని మా ఇంట్లో డిస్కులన్నీ వారం రోజుల్లో నేనే కాపీ చేశాను. ఇంటర్ చదివి పొలం పట్టిన వాణ్ణి నేనే చెయ్యగలిగానంటే మీ పిల్లలకి ఇది లెక్క కాదు.

మా ఇంట్లో మొత్తం 31 డిస్కులు తేలాయి. అందులో మనవి 9. నా పెళ్ళి (అది 1995లో వీడియో క్యాసెట్, తర్వాత డిస్కు చేయించింది), చెల్లి పెళ్ళి రెండు, గృహప్రవేశం, అమ్మాయి ఓణీల ఫంక్షన్, ఇలాంటివి. మిగతా 22 సినిమాలు. మోసర్ బేర్ వాళ్ళు చవకగా అమ్మిన రోజుల్లో కొన్నవి. నాన్న పదేపదే చూసిన మాయాబజార్ కూడా ఉంది. సినిమాలు నేను కాపీ చెయ్యలేదు. వాటికి తాళం వేసి ఉంటుంది, వేరేవాళ్ళ సొత్తు. పైగా 1957 నాటి మాయాబజార్ ఈ రోజుకీ ఎక్కడో చోట దొరుకుతుంది. మా నాన్న ముప్పావు నిమిషం ఎక్కడా దొరకదు. ముందు ఏది దాచాలో తేల్చుకోవడానికి ఇదే కొలత.

చెడిపోని డిస్కు అయితే పని చాలా సులువు. డ్రైవులో పెట్టి తెరిస్తే వీడియో టీఎస్ అని ఒక ఫోల్డరు ఉంటుంది. అందులో ఒక్కోటి ఒక జీబీ లోపు ఉండే ఫైళ్ళు వరసగా ఉంటాయి. ఒక్క ఫైలు కాదు, ఆ ఫోల్డరు మొత్తం కాపీ చెయ్యండి. పైన ఏం వేడుకో, ఏ సంవత్సరమో తెలుగులో పేరు పెట్టండి. వీఎల్‌సీ ప్లేయర్‌లో ఆడుతుంది. ఫోన్లో చూసుకోవడానికి హ్యాండ్‌బ్రేక్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌తో ఎంపీ4 చేసుకోవచ్చు, సైజు బాగా తగ్గుతుంది. కాకపోతే చిన్నది చేశాం కదా అని పెద్దది తీసెయ్యకండి. బియ్యం పట్టించుకున్నాం కదా అని విత్తన వడ్లు కూడా మరకి వేస్తామా? వాట్సాప్‌లో పంపింది దాచుకున్నట్టు కాదు, అది ఇంకా నలిపేస్తుంది.

మామూలు డీవీడీ 4.7 జీబీ. మావి 9 కలిపి 64 జీబీ పెన్‌డ్రైవులో పట్టాయి. ఒక టీబీ హార్డ్‌డిస్కులో అయితే ఇలాంటివి రెండు వందల దాకా పడతాయి. డిస్కు మొత్తాన్ని ఒకే ఫైలుగా చేస్తే నాలుగు జీబీ దాటుతుంది. పాత పద్ధతి ఫ్యాట్32 పెన్‌డ్రైవులో అది ఎక్కదు, ఎక్స్‌ఫ్యాట్‌గా మార్చుకోవాలి. నాకు ఇక్కడే ఒక పూట పోయింది.

కాపీ ఒకటి చాలదు. మూడు ఉండాలి. ఒకటి నా హార్డ్‌డిస్కులో, ఒకటి పెన్‌డ్రైవులో, ఒకటి హైదరాబాదులో మా అమ్మాయి దగ్గర. నాలుగోది తమ్ముడి ఇంట్లో కూడా పెట్టాను. మూడూ ఒకే బీరువాలో పెడితే ఒకటి ఉన్నట్టే లెక్క. ఇల్లు కాలినా, చెదలు పట్టినా, దొంగ పడినా ఒకేసారి పోతాయి. పెన్‌డ్రైవు పెట్టేసి మర్చిపోకూడదు, ఏడాదికోసారి తెరిచి అన్నీ ఆడుతున్నాయో లేదో చూడాలి. నేను సంక్రాంతికని పెట్టుకున్నాను, అందరూ ఇంట్లో ఉంటారు కాబట్టి.

అసలు డిస్కులు పారెయ్యకండి. కవర్లో పెట్టి పుస్తకంలాగా నిలబెట్టి, ఎండా తేమా తగలని చోట ఉంచండి. బాల్‌పెన్నుతో వాటిమీద రాయకండి. ఇంట్లో వీడియో క్యాసెట్లు ఉన్నవాళ్ళు ఇంకా తొందరపడాలి. ఆ ప్లేయర్లు ప్రపంచంలో చివరిగా తయారు చేసిన జపాన్ కంపెనీ 2016లో ఆపేసింది. ఉన్నవి పాడైతే కొత్తవి రావు. క్యాసెట్ రీలు మీద తెల్లగా బూజు కనిపిస్తే అస్సలు వెయ్యకండి. ప్లేయర్ హెడ్ పాడవుతుంది, ఆ బూజు తర్వాత వేసే క్యాసెట్‌కీ అంటుకుంటుంది. టౌనులో తెలిసినవాళ్ళకే ఇవ్వండి.

నాకు మొత్తం ఖర్చు డ్రైవు పద్నాలుగు వందలు, హార్డ్‌డిస్కు నాలుగున్నర వేలు, పెన్‌డ్రైవు ఐదు వందలు. మిరపకి ఒక దఫా మందు కొట్టినంత. ఊళ్ళో నలుగురు కలిస్తే డ్రైవు ఒకటే చాలు. మా బజారులో వాళ్ళకి నా డ్రైవు ఇస్తున్నాను, ఎవరికైనా కావాలంటే వచ్చి తీసుకెళ్ళండి.

మన పెద్దవాళ్ళు విత్తనం ఒకే గాదెలో పోసేవాళ్ళు కాదు. కొంత కుండలో, కొంత బుట్టలో, కొంత అన్నదమ్ముల ఇంట్లో. ఒకచోట పురుగు పట్టినా ఇంకోచోట మిగులుతుందని. నాకు ఆ సంగతి యాభై నాలుగేళ్ళుగా తెలుసు. డిస్కు దగ్గరికొచ్చేసరికి మర్చిపోయాను.

ఇంకో పని కూడా చెయ్యండి. ఇంట్లో పెద్దవాళ్ళు ఉంటే ఈ రోజే ఫోన్ వాళ్ళముందు పెట్టి ఏదైనా అడగండి. ఏ చేను ఎప్పుడు కొన్నారో, ఏ ఎద్దు ఎలాంటిదో. వాళ్ళు మాట్లాడతారు. పాట మాత్రం అంటించకండి.

చిలకలు జొన్నలో ఒక మూడు బస్తాలు తిని ఉంటాయి. ఈ ఏటికి వాటిమీద కోపం లేదు.

 తప్పులుంటే మన్నించండి. మీ ఇంట్లో డిస్కులు ఎన్ని ఉన్నాయో, ఏం చేశారో చెప్పండి.